ఏసీ గోడౌను సంగతి చెప్పని క్యాసెట్

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న చదువు ఇది. రాయడం నాకు చాలా నిదానం.

మా ఆయన పోయాక గుంటూరు మిరప యార్డు దగ్గర కాయలు ఏరే పనికి వెళ్లేదాన్ని. యార్డు ఎదురుగా గఫూర్ క్యాసెట్ల కొట్టు. పత్తి దెబ్బతిని కొత్తగా మిరప వేసిన రైతులు ప్రతిదానికీ నన్ను అడుగుతుండటం అతను చూశాడు.

“ఒక్కసారి చెప్పు పిన్నీ, కోత దగ్గర్నుంచి బస్తా కుట్టేదాకా. రికార్డు చేస్తా. నువ్వు నిద్రపోతున్నా నీ గొంతు సంపాదిస్తది.”

“నా గొంతు ఎవరు కొంటారయ్యా?”

“సినిమా పాటలు కొనట్లా? వాటితో కాయలు ఎండుతయ్యా?”

ఒక మధ్యాహ్నం కూర్చుని చెప్పేశాను. ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు. గఫూర్ నెలనెలా ఇచ్చే వాటాతో ఇంటద్దె గడిచిపోయేది. ఏరుడు పనికి పోవడం తగ్గించాను. నలుగురిలో కాస్త గొప్పగా కూడా ఉండేది.

రెండో వేసవిలో వినుకొండ వైపు నుంచి పేరయ్య అనే రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తువ్వాలు విప్పి బూజు పట్టిన కాయలు చూపించాడు.

“ధర వస్తదని పంటంతా ఏసీ గోడౌనులో పెట్టానమ్మా. వాళ్లు కరెంటు ఆపేసుంటారు. మీ మాటంటే అందరికీ గురి. ఒక్కసారి వచ్చి వాళ్లకి చెప్పండి.”

పెద్దమనిషిలా బయలుదేరాను.

గోడౌను గుమస్తా ఒక కాయ విరిచి చూసి అడిగాడు. “నీళ్లు చల్లారా?”

“చల్లాం. బస్తాల్లో తొక్కే ముందు రాత్రి. ఈ అమ్మ క్యాసెట్లో చెప్పిందేగా!”

“తడి కాయ ఏసీలో పెడితే బూజు కాక మల్లెపూలు పూస్తయ్యా?”

హమాలీలు నవ్వారు. మేం నీళ్లు చల్లేది తొక్కేటప్పుడు కాయ విరగకుండా, అదీ మర్నాడే యార్డుకు తోలే సరుక్కి. దాచే కాయకు చుక్క తగలకూడదు. ఆ మాట క్యాసెట్లో లేదు. నాకు తట్టలేదు.

“తప్పు వీళ్లది కాదు పేరయ్యగారూ, నాది,” అన్నాను.

ఆయన తిట్టలేదు. “మీరు ఎదురుగా ఉంటే అడిగేవాణ్ణమ్మా, దాచే కాయకీ చల్లాలా అని. టేపురికార్డర్ని ఏం అడుగుతా?” అన్నాడు.

సాయంత్రం గఫూర్ కొట్టుకు వెళ్లి ఇక అమ్మొద్దన్నాను.

“సీజన్లోనా పిన్నీ? పోనీ, చివర్న ఆ ముక్క కలుపుదాం.”

“చివరిదాకా ఎవరు వింటారు? తీసెయ్.”

గొణుక్కుంటూ అరలోంచి తీశాడు. అమ్ముడైనవాటిని ఎక్కడని వెతకను?

మర్నాడు బస్సెక్కి పేరయ్య ఊరు వెళ్లాను. గోడౌను నుంచి తెచ్చిన బస్తాలు కల్లంలో కుమ్మరించి ఉన్నాయి. ఆయన భార్య కోటేశ్వరి పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. కూలి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఆ ఇల్లాలు అన్నం పెట్టింది. తల ఎత్తకుండా తిన్నాను.

మళ్లీ కాయల ముందు కూర్చున్నాక ఆవిడ ఒక ఎర్రటి కాయ నా ముందు పెట్టి, “ఇది మంచిదాంట్లో వెయ్యనా అత్తా?” అంది. ఇంత జరిగాక కూడా నన్నే అడిగింది.

కాయ విరిచి, లోపల గింజల దగ్గర బూజు చూసి, అప్పుడు వద్దని చెప్పాను.

రాఘవమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది నల్లపాడులో, రైల్వేస్టేషను వెనక.