కుడిచెయ్యి

ఆ ఫ్యాక్టరీలో ఎడమచేతి గ్లవుజులు మాత్రమే కుట్టేవారు. కుడిచేతివి సముద్రం అవతల ఇంకో దేశంలో తయారయ్యేవి. రెంటినీ జత చేసి అమ్ముకునే కంపెనీ మూడో దేశంలో ఉంది. తోలు వాళ్లదే, దారమూ వాళ్లదే. ఇక్కడివాళ్లది చెమట ఒక్కటే.

కుడిచేతి దేశంలో సమ్మె మొదలైంది. జత కుదరదని కంపెనీ ఇక్కడికి తోలు పంపడం ఆపేసింది.

"ఉన్న తోలు అయిపోగానే తాళమేనమ్మా. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు యజమాని.

కత్తిరింపు బల్ల దగ్గర వదినా మరదళ్లు పక్కపక్కనే పనిచేసేవారు. "చేతుల్లో ఏముందంటాడేంటి వదినా? గోదాం నిండా ఎడమచేతులేగా!" అని మరదలు కిసుక్కుమంది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో మరదలు అచ్చు తిరగేసి పెట్టి తోలు కోసేసింది.

"కొంప ముంచావే!" అంటూ వదిన ఆ ముక్కలు కుట్టించి చూసింది. అది ఎడమచేతికి ఎక్కనంది. కుడిచేతికి అతికినట్టు సరిపోయింది.

హాలంతా గొల్లున నవ్వింది. మిషన్లు వదిలేసి, నాకంటే నాకని అందరూ తొడిగి చూసుకున్నారు. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"ఒప్పందంలో కుడిచెయ్యి లేదమ్మా!"

"మనకి పుట్టుకతోనే ఉంది కదండీ," అంది వదిన.

"వాళ్ల తోలు ముట్టుకుంటే నా పని అయిపోతుంది."

"అయితే మన బజార్లో గుడ్డ కొందాం."

యజమాని గొణుక్కుంటూనే గుడారాల దుకాణానికెళ్లి దళసరి గుడ్డ తెచ్చాడు. వారం తిరక్కుండా జతలు తయారయ్యాయి. మరదలు ఒక సంచి నింపుకుని, ఒక జత రెండు చేతులకీ తొడుక్కుని, ఇల్లు కడుతున్న చోటికెళ్లి చప్పట్లు కొట్టింది. ఇటుకలు మోసే ఆవిడ ఒక జత తొడుక్కుని, "ఓసి దీని దుంపతెగ, ఇన్నాళ్లూ చేతులు ఒలిచేసుకున్నామే!" అంది. ఆ పూటకే సంచి ఖాళీ. మర్నాడు ఇనప కొట్లవాళ్లు ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే వరస కట్టారు.

అప్పుడు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సమ్మె ముగిసిందట, తోలు పంపుతారట, రేటు మాత్రం తగ్గిస్తారట. యజమాని ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి వదిన వైపు చూశాడు.

"పాత రేటుకైతే సగం బల్లలు ఇద్దాం. మిగతావి ఖాళీ లేవని చెప్పండి."

"పాత రేటుకైతే సగం బల్లలండీ. మిగతావి ఖాళీ... లేవండీ," అన్నాడతను.

అవతలివాళ్లు సరే, పాత రేటే అన్నారు.

ఫోన్ పెట్టేసి యజమాని గుడ్డ బేళ్ల మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"మళ్లీ ఫోన్ చేస్తే బావుణ్ణమ్మా. ఆ 'ఖాళీ లేవు' అనే ముక్క ఇంకోసారి అనాలనుంది!"