గతుకుల దారిలో తొమ్మిదో నెల

వాన.

బస్సు అద్దాల మీద వాన. తడిసిన గొడుగుల వాసన, తడిసిన జుట్ల వాసన, ఎవరి సంచిలోంచో పండిన జామకాయల వాసన.

ఆమె ముందు సీట్లో కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళ కండక్టరు ఉద్యోగంలో నిలబడే తిరిగిన మనిషి, ఈ నెలే కూర్చోవడం మొదలుపెట్టింది. ఒళ్ళో టికెట్ల మిషను. దాని వెనక తొమ్మిదో నెల పొట్ట.

"జరగాలమ్మా, లోపలికి జరగాలి... మెట్ల మీద వేలాడతావేం బాబూ, ఇల్లు చేరాలని లేదా?"

జరుగుతారు. ఎంత మొండివాళ్ళయినా జరుగుతారు. ఆమె గొంతుకి ఆ పేరుంది. సూది మోపే సందు లేని బస్సులో ఇంకో పదిమందికి చోటు చేయగలదు.

ఒక్కరే జరగడం లేదు.

తల పైన, కాళ్ళు కింద – లోపల దర్జాగా కూర్చుంది బిడ్డ. కుడి పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా తగిలేదే తల అని సోమవారం డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మరీ చూపించింది. "ఇంకా టైముంది. శుక్రవారం మళ్ళీ చూద్దాం. అప్పటికీ తిరగకపోతే ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం. భయపడకు."

భయపడకు అన్నాకే భయం మొదలైంది.

కోతకి కాదు. అది ఎంతమందికి జరగడం లేదు! ఆమె భయం వేరు. ఇంట్లో ఆయనకి కూడా చెప్పనిది.

నా వల్లేనేమో...

ఈ బస్సు వల్లేనేమో. ఈ కుదుపులు, ఈ గతుకులు, రోజుకి ఎనిమిది ట్రిప్పులు. పట్టుకోడానికి ఒక కమ్మీ అయినా లేని చోట, ఎటు తిరగాలో తెలీక, పాపం బిక్కచచ్చి అలాగే కూర్చుండిపోయిందేమో.

మంగళవారం బతిమాలింది. తిరుగు నాన్నా, తిరుగు.

బుధవారం గదమాయించింది. తిరగమంటే తిరగవేం?

ఆయన గోడలకి రంగులేసే మనిషి. పొద్దున్నే పనికి వెళ్ళబోతూ, గోళ్ళ సందుల్లో నిన్నటి నీలం రంగుతోనే, పొట్ట మీద చెయ్యేసి నవ్వాడు. "నిచ్చెన దిగేటప్పుడు ఎవరైనా కాళ్ళే ముందు పెడతారే. వీడికి నా పని అప్పుడే వచ్చేసింది!"

నవ్వింది. ఆయన గుమ్మం దాటాక ఏడ్చింది.

డ్రైవరు బాబాయికి కూడా వేళాకోళమే. బాబాయి అంటే చుట్టం కాదు, ఐదేళ్ళుగా ఒకే బండి. "ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం నొప్పి పోతుందంటారమ్మాయ్. నాది ముప్పై ఏళ్ళ నొప్పి. మొదటి రెండు తన్నులూ నాకే అట్టిపెట్టు."

వాన... వాన... మధ్యలో తెరిపి, మళ్ళీ వాన.

గురువారం. సెలవుకి ముందు ఆఖరి రోజు.

వంతెన దిగాక ఓ కళ్ళద్దాల పెద్దావిడ అందుకుంది. "మీ డ్రైవరుకి బండి నడపడం వచ్చా అసలు? నాలుగైదు నెలల్నుంచి చూస్తున్నా. వంతెన దిగితే చాలు, నత్తకి నడక నేర్పుతాడు. వెనకొచ్చిన బస్సులన్నీ ముందుకి పోతున్నాయి!"

దిమ్మ తిరిగే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది.

ఆగిపోయింది.

నాలుగైదు నెలలు. బాబాయ్, నాకు ఐదో నెల అని చెప్పింది కూడా అప్పుడే.

ఇన్నాళ్ళూ చేతిలో టికెట్లు, నోట్లో జరగండి – తలెత్తి రోడ్డు వంక చూసిందెప్పుడు? ఇప్పుడు చూసింది. గతుకు రాకముందే బాబాయి కాలు బ్రేకు మీదికి వెళ్తోంది. ఒక చక్రం మెల్లగా దిగుతోంది. మెల్లగా ఎక్కుతోంది. తర్వాత రెండోది. ట్రిప్పులు లేటు అవుతున్నాయని డిపోలో రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. ట్రాఫిక్ అండీ, వాన అండీ అని చేతులు నలుపుకున్నాడు. పక్కనే నిలబడి ఆమె కూడా అదే అనుకుంది.

"బాబాయ్... ఎందుకింత నెమ్మది?"

బాబాయి వెనక్కి తిరగలేదు. "వానకి గతుకులు కనపడటం లేదమ్మాయ్."

వాన ఆగి అప్పటికే చాలాసేపైంది.

ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఇంత ప్రేమని మోసుకుంటూ, తెలీకుండా, ఊరంతా తిరిగింది తను.

"అయ్యో, నేనేమన్నానని తల్లీ!" పెద్దావిడ కంగారుపడింది. పొట్ట వంక చూసింది. డ్రైవరు వీపు వంక చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత ముందుకి వంగి, "నిమ్మళంగానే పోనియ్యి నాయనా, నాకేం కొంపలు మునిగిపోవడం లేదు" అంది.

ఆ సాయంత్రం ఆమె బిడ్డని తిరగమనలేదు.

నీకెలా వీలైతే అలా ఉండు, అంది లోలోపల. నిన్నెవరూ కుదపలేదు తల్లీ. కుదపలేదు. తిరిగితే తిరుగు. కూర్చుంటే కూర్చో. ఎలా వచ్చినా నా దగ్గరికే కదా!

శుక్రవారం పొద్దున స్నానం చేస్తుంటే పొట్ట ఒక పక్కకి పెద్దగా పొంగింది. నెమ్మదిగా సర్దుకుంది. తిరగడమో... ఉత్తినే ఒళ్ళు విరుచుకోవడమో... పక్కటెముకల కింద తడిమి చూసుకోవాలని చెయ్యి లేచింది. చూసుకోలేదు. నీళ్ళు పోసుకుంది.

ఆస్పత్రి గది. ఎత్తు మంచం, తెల్లటి దుప్పటి. తలుపు దగ్గర ఆయన, నిలబడలేక, కూర్చోలేక.

కిటికీ అద్దం మీద మళ్ళీ చినుకులు.

డాక్టరమ్మ అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. "ఏమ్మా, చూద్దామా మరి?" అంటూ పక్కటెముకల వైపు చెయ్యి చాపింది.

ఎనిమిదేళ్ళుగా అందరినీ తొందరపెట్టిన మనిషి, ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నెమ్మదిగా డాక్టరమ్మా... తొందరేం లేదు."