జాలీ వరండాకు పడిన కుట్టు

ఆ వడ్రంగి పనికి వంక పెట్టినవాళ్లు అంతవరకూ లేరు. పెరటివైపు ఉన్న పాత చెక్క అరుగు మీదే స్తంభాలు నిలిపి, పైకప్పు వేసి, చుట్టూ దోమల జాలీ బిగించి, తలుపుకు స్ప్రింగు పెట్టి మరీ వరండా అప్పగించాడు. వారం తిరక్కుండానే ఇంటావిడ ఫోన్ చేసింది.

"జాలీ బాగానే ఉందయ్యా. దోమలే లోపల కాపురం పెట్టాయి."

అతనికి తల కొట్టేసినట్టయింది. వెళ్లి జాలీ అంతా వేలితో తడిమాడు. చీమ తల దూరే సందు కూడా లేదు. తలుపు కింద రబ్బరు పట్టీ వేశాడు. అయినా పొద్దు వాలేసరికి దోమలు మామూలే.

ఆవిడ అత్తగారు మూలన కుర్చీలో కూర్చుని కాళ్లు గోక్కుంటోంది. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి.

"నాయనా, నన్ను మోకాళ్ల కిందే కుడుతున్నాయి. పక్కనుంచి వచ్చేవైతే మెడా చెవులూ వదుల్తాయా?"

పెద్దావిడ లేచి నాలుగు పాత దుప్పట్లు తెచ్చి నేలంతా పరిచింది. ఉన్న దోమల్ని కొట్టేశాక మళ్లీ ఒక్కటీ రాలేదు.

అప్పుడు చూశాడు వడ్రంగి, చెక్కకీ చెక్కకీ మధ్య వాననీరు జారడానికి వదిలిన సందులు. చుట్టూ కోట కట్టి నేలను గాలికి వదిలేశాడు. "పొరపాటు నాదేనమ్మా," అన్నాడు.

మర్నాడు స్తంభాల మధ్యనున్న చెక్కలన్నీ ఊడదీశాడు. వాటి కింద పరుద్దామంటే జాలీ వెడల్పు చాలలేదు. రెండు ముక్కలు పక్కపక్కన వేస్తే మధ్యలో మళ్లీ దారే. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని, గాలాలకు కట్టే గట్టి దారం తెప్పించి, అంచులు ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు చేత్తో కుట్టింది. మధ్యాహ్నానికి అరుగంత జాలీ ఒకే గుడ్డలా తయారైంది. వడ్రంగి దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇంత శుభ్రమైన అతుకు నేను చెక్కలో ఎప్పుడూ వెయ్యలేదమ్మా."

"చెక్క మొండిది నాయనా. గుడ్డ చెప్పినమాట వింటుంది."

జాలీని అరుగు కింది దూలాల మీద పరిచి పిన్నులు కొట్టి, చెక్కలు తిరిగి బిగించేసరికి చీకటి పడింది. లైటు వేశారు. పురుగులు బయటే జాలీకి కొట్టుకుంటున్నాయి. పెద్దావిడ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. పనిముట్లు సర్దుకున్నాక కూడా వడ్రంగి కదల్లేదు.

"సోమవారం ఇంకో ఇంట్లో ఇలాంటిదే మొదలెడుతున్నాను. జాలీ మీరు కుట్టిపెడతారా?"

"కుడతాను. ఈసారి మాత్రం చెక్కలు బిగించకముందే పిలువు."