రెండు సీట్ల బండి

"రెండు సీట్లేంటమ్మా? మనం నలుగురం. ఇద్దరు ముందు కూర్చుంటే, మిగతా ఇద్దరం దుప్పట్ల మూటల మీద ఎక్కాలా?" అన్నాడు కొడుకు. పొద్దున కాఫీల దగ్గర మొదలైన వాదన కంచాలు ఎత్తేశాక మళ్ళీ మొదటికి వచ్చింది.

"మూటలు మెత్తగానే ఉంటాయిరా," అంది అత్తగారు మంచం మీంచి.

"నానమ్మా, ఇంతకీ నువ్వెవరి పక్షం?"

"నాకు పక్షమేంటి? నా మోకాలు ఎటు ఎక్కనిస్తే అటు."

ఇస్త్రీబల్ల దగ్గరున్న భర్త నవ్వాపుకుని, దిండు గలీబు ఒకటి మడిచి దొంతరలో పెట్టాడు. "బండి మాటిమాటికీ కొనం. కొన్నప్పుడు అందరం ఎక్కేదే కొనాలి. నాలుగు తలుపులు, వెనకాల సామాను పెట్టుకునే చోటు. ఇంటికీ పనికీ ఒకటే బండి," అన్నాడు.

ఆమె గుమ్మంలో కూర్చుని, ఎవరి చొక్కాకో ఊడిన బొత్తాం కుడుతోంది. "ఇంటికి ఎప్పుడో ఓసారి. పనికి రోజూ," అంది తలెత్తకుండానే.

ఇంటి వెనక రేకుల షెడ్డులో వాళ్ళ లాండ్రీ. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి కర్టెన్లు, హోటళ్ళ బల్ల గుడ్డలు వస్తాయి. ఉతకడం, ఆరేయడం ఆమె పని. ఇస్త్రీ ఆయనది. ఫోన్లూ బిల్లులూ కొడుకువి. తెల్లారగానే ఉతికిన బట్టలు బండికెత్తుకుని ఊరంతా తిరిగి ఇచ్చి, మాసినవి తెచ్చేది కూడా ఆమే. పాత డీజిల్ వాను మొన్నటి వానల్లో మొండికేసింది. మెకానిక్ దాని కిందకి దూరి, బయటికొచ్చి, ఇక లాభం లేదన్నట్టు చేతులు తుడుచుకున్నాడు. అప్పట్నుంచి అద్దె బండి, అద్దె డ్రైవరు. ఆమె షెడ్డుకీ వంటింటికీ మధ్య ఉండిపోయింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ పొద్దుటి పూట మళ్ళీ తన చేతికి రావాలి. బండి తలుపు వేసుకుని స్టీరింగు పట్టుకున్నంత సేపే ఆమెను ఎవరూ అమ్మా అని గానీ, అమ్మాయ్ అని గానీ, ఏమోయ్ అని గానీ పిలవరు. పెద్ద బండి వస్తే దాని వెంట డ్రైవరూ వస్తాడు. అది ఆమెకు తెలుసు. అయినా ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. ఈ వయసులో షికారు కోసం బండి అడుగుతోందనుకుంటారేమోనని బిడియం. అందుకే వాసన గురించి మాట్లాడేది.

వాసన మాత్రం అబద్ధం కాదు. అద్దె బండి పొగంతా బట్టలకు పట్టేది. లాడ్జి మేనేజరు ఒక దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని, "వీటిని ఉతికారా, లారీ వెనక కట్టి ఈడ్చుకొచ్చారా?" అని అడిగాడట. ఆ మాట డ్రైవరు నవ్వుతూ మోసుకొచ్చి చెబితే, భర్తకు ఆ పూట భోజనం సయించలేదు.

"అందుకే చార్జింగ్ బండి అంటున్నా," అంది ఆమె ఇప్పుడు కూడా.

"మేం చూసిన పెద్దదీ చార్జింగ్ బండేనమ్మా. పొగ లేదు, వాసన లేదు," అన్నాడు కొడుకు.

ఆమె దారం కొరికి తెంపింది. ఉన్న ఒక్క ఆయుధమూ వాడు లాక్కున్నాడు.

రెండు రోజులాగి, చూసుకోమని షోరూం వాళ్ళు పెద్ద బండిని ఒక పూట ఇంటికి పంపారు. అది వచ్చి వాకిట్లో నిలబడేసరికి ఎదురింటి గేటు కూడా సగం మూసుకుపోయింది. ఎదురింటాయన కిటికీ తెరిచి, బండి అద్దంలో తన మొహమే తనకు కనబడేసరికి మళ్ళీ మూసుకున్నాడు. అత్తగారిని స్టూలు వేసి వెనక సీట్లోకి ఎక్కించారు.

"సీటు సింహాసనంలా ఉంది. ఎక్కడానికి స్టూలుంది, దిగడానికి దేవుడున్నాడు," అందావిడ సర్దుకుంటూ.

స్టీరింగు పక్కన పలకంత స్క్రీను. చల్లగాలి, లైట్లు, పాటలు అన్నీ అందులోనే. "ఇలా తాకితే చాలు నాన్నా," అన్నాడు కొడుకు. ఆయన ఊహ తెలిసినప్పట్నుంచీ ఇస్త్రీ చేస్తున్న మనిషి. పెట్టె వేడెక్కిందో లేదో చూడాలంటే వేలు నాలుకకద్ది, అలా చురుగ్గా తాకించి తీసేయడం అలవాటు. తాకమనగానే అదే చేశాడు. తడి తగిలిన స్క్రీను ఒక్కసారి ఉలిక్కిపడినట్టయింది. ఎండలో వైపర్లు ఆడాయి. చల్లగాలి రయ్యిమంది. లోపలెక్కడి నుంచో ఒకావిడ గొంతు ఏదో దారి చెప్పడం మొదలుపెట్టింది.

"ఎవరావిడ? మనతో పాటు వస్తుందా?" అంది అత్తగారు.

ఆయన కూడా నవ్వేశాడు. కొడుకు చొక్కా కొసతో స్క్రీను తుడిచి సరిచేశాడు. ఆమె ప్రయత్నించింది. పొద్దుట్నుంచీ నీళ్ళల్లో నాని ముడతలు పడ్డ వేళ్ళు. నొక్కినా అది పట్టించుకోలేదు. చెయ్యి ఆరాక బాగానే పలికింది. దాన్ని తప్పు పట్టడానికి లేదు.

తర్వాత మూటలు ఎక్కించి చూద్దామన్నారు. వెనక తొట్టి ఆమె గుండెల దాకా ఉంది. మూటను మోకాలితో ఎగేసి, రెండు చేతులా పైకెత్తి, మునివేళ్ళ మీద నిలబడి తోయబోయింది. కొడుకు పరుగున వచ్చి అందుకున్నాడు.

"నువ్వెందుకమ్మా? ఇవన్నీ డ్రైవరు చూసుకుంటాడు. చాలు ఇన్నాళ్ళు చేసిన చాకిరీ. ఇంక హాయిగా ఇంటిపట్టున ఉండు." ప్రేమగానే అన్నాడు.

"ఇంటిపట్టునే ఉన్నాగా, వానలప్పట్నుంచీ," అంది. నవ్వుతూ అందామనుకుంది గానీ నవ్వు రాలేదు. భర్త ఆమె వంక ఒకసారి చూశాడు.

మర్నాడు సాయంత్రం ఆయనే ఇస్త్రీపెట్టె ఆపేసి, "చెప్పులేసుకో. మూల మీది ప్లంబరు చిన్న చార్జింగ్ బండి కొన్నాడట, చూసొద్దాం," అన్నాడు.

ప్లంబరు కొట్టు ముందు అప్పటికే మనుషులున్నారు. కిటికీ అద్దాలు బిగించే అతనొకడు, పూలకుండీలు అమ్మే ఆవిడొకతె. మధ్యలో ఆ బండి, రెండు సీట్లూ వెనకో తొట్టీ, పెద్ద సైజు బొమ్మలా ఉంది.

"ఇందులో ఏముందయ్యా?" అని అడుగుతున్నాడు అద్దాలతను.

"ఏమీ లేదు. పాడవడానికి ఏదన్నా ఉండాలిగా?" అన్నాడు ప్లంబరు. "కిటికీ చేత్తో తిప్పుకోవాలి. పాట కావాలంటే మనమే పాడుకోవాలి. రాత్రి ఫోనుతో పాటు దీనికీ ప్లగ్గు పెట్టి పడుకుంటా. పెద్దది కొంటే దాని వాయిదాల కోసమే ఇంకో వీధి కొళాయిలన్నీ నేనే బిగించాలి."

"గతుకుల్లో నా కుండీలు పగలవు కదా?" అంది కుండీలావిడ.

"కుండీల సంగతి తెలీదు గానీ, నా నడుమైతే ఇంకా పగల్లేదు." అంటూనే వీళ్ళను చూశాడు. "రా అక్కా. బావకి బండి కాదు, ముందు నువ్వు నడుపుతుంటే భయపడకుండా కూర్చోవడం నేర్పు," అని తాళం ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ముందు వెనక్కి వెళ్ళి నిలబడింది. తొట్టి అంచు సరిగ్గా ఆమె నడుము దగ్గరుంది. మూటను ఎత్తనక్కర్లేదు, పక్కకు వాలిస్తే చాలు. అప్పుడు ఎక్కింది.

బండి కదిలిందని చెట్లు వెనక్కి పోతుంటేనే తెలిసింది. ఎవరింట్లోనో కుక్కరు కూత, ఎవరో పిల్లవాణ్ణి లెక్కలు రాయమని కేకలేయడం, అన్నీ వినబడుతున్నాయి. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె బండి నడుపుతుండగా పక్కన కూర్చోవడం ఇదే మొదలు. ఆమె బయల్దేరే వేళకు ఆయనెప్పుడూ ఇస్త్రీలో ఉండేవాడు.

"పాడుతున్నావు," అన్నాడు కాసేపటికి.

"లేదే."

"పాడుతున్నావు. ఆ డీజిల్ మోతలో నీకే వినబడి ఉండదు." తర్వాత అడిగాడు, "రోజూ ఇలాగే వెళ్ళేదానివా?"

"ఇలాగే. లాడ్జి అయ్యాక వంతెన మీద కాసేపు ఆపేదాన్ని."

"ఎందుకు?"

"ఊరికే."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "వాసనన్నావు, పొగన్నావు. ఊరికే అని ఒక్కసారి కూడా అనలేదేం?"

"ఊరికే అంటే ఎవరైనా బండి కొనిపెడతారా?"

మలుపు దగ్గర ఆమె నెమ్మదిగా తిప్పింది. "ఇంట్లో ఆ మాట నువ్వే చెప్పు. నేను చెబితే నా మాటైపోతుంది," అన్నాడాయన.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు షోరూం వాళ్ళిచ్చిన రంగుల కాగితం కంచం పక్కనే పెట్టుకున్నాడు. "నాన్నా, రేపు ఫోన్ చేయమన్నారు. ఏం చెప్పను?"

"మీ అమ్మనడుగు," అన్నాడాయన.

ఆమె అందరికీ నీళ్ళు పోసి కూర్చుంది. "చిన్నదే కొంటున్నాం," అంది. "డ్రైవరు అక్కర్లేదు. నేనే నడుపుతా."

"నీకు కష్టమనే కదమ్మా..."

"కష్టం షెడ్డులో ఉందిరా. అక్కడికి మనిషిని పెట్టు, కాదనను. బండి కష్టం కాదు. పొద్దున్నే అలా వెళ్ళడం నాకిష్టం. రోజంతటిలో నాదంటూ ఉన్నది అదొక్కటే." గొంతు పెంచలేదు. కొడుకు తండ్రి మొహం చూసి, తల్లి మొహం చూసి, కాగితం మడిచాడు.

"ఈ ముక్క ముందే చెబితే స్టూలెక్కే బాధ తప్పేదిగా?" అంది అత్తగారు. "అయితే ఆసుపత్రికి నన్నెవరు తీసుకెళ్తారు?"

"నేనే అత్తయ్యా, మీరు నా పక్కన. వాళ్ళిద్దరూ బస్సులో వస్తారు."

"వస్తాంలే," అన్నాడు భర్త.

"రేపు నేనూ ఆయనా వెళ్ళి బండి చెప్పి వస్తాం. అది వచ్చిన మర్నాటి నుంచీ రానక్కర్లేదని అద్దె డ్రైవరుకి ఇందాకే చెప్పేశాను," అంది ఆమె, కంచం దగ్గరికి లాక్కుంటూ.