చేదు బీరుకు వంజరం వేపుడు

రాజాంలో ధనరాజు నడిపే బార్‌లో వంటమనిషి చెప్పాపెట్టకుండా మానేశాడు. సరిగ్గా ఆ వారమే అతని కోడలు అరుణశ్రీకి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా చేరాలి.

“వంటమనిషి దొరికీదాకా సూసుకోమ్మా. దొరకగానే ఎల్లిపోదువుగాని,” అన్నాడు ధనరాజు.

ధనరాజు ఆమెకు మామగారు మాత్రమే కాదు, సొంత మేనత్త భర్త. చిన్నప్పుడు కళింగపట్నంలో చేపల బుట్టల మధ్య ఆమెను ఎత్తుకు తిరిగిన మనిషి. కాదనలేకపోయింది.

వంటగది బార్ వెనక ఉంది. గోడలో పళ్లెం పట్టేంత కంత ఉంది. అందులోంచి తిండి అవతలికి వెళ్లేది, ఖాళీ పళ్లేలు ఇవతలికి వచ్చేవి. తాగేవాళ్ల ముందుకు కోడలు రాకూడదని ధనరాజు మాట. పొద్దున లోపలికి వెళితే చీకటి పడ్డాకే ఆమె వీధి చూసేది.

ఆ రోజుల్లోనే కొత్త రకాల బీర్లు వచ్చాయి. కౌంటర్లో కూర్చునే భర్త వినోద్ వాటిని చూసి తల పట్టుకున్నాడు.

“వీటిని ఎవలూ ముట్టట్లేదు. వీటితో ఏటి తినాలో తెలీదు ఆలకి. నువ్వు రుసి సూసి సెప్పు,” అని, బార్ తెరవకముందే స్టీలు గ్లాసులో కొంచెం కొంచెం పోసి తెచ్చాడు.

అరుణశ్రీ నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. గోధుమ బీరులో మగ్గిన అరటిపండు, లవంగం వాసన తగిలింది. దానికి కారం తగ్గించి, కొత్తిమీర, నిమ్మరసంతో రొయ్యలు చేసింది. నల్ల బీరు మాడిన కాఫీగింజల్లా ఉంది. బొగ్గుల మీద కాల్చిన మాంసం దానికి సరిపోయింది. మామూలు బీరుకు కరకరలాడేలా చిన్న నెత్తళ్ల చేపలు వేయించింది. పళ్లేలు తుడిచినట్టు తిరిగి వస్తుంటే ఆమెకు సంతోషం కలిగింది. ఆ సంతోషమే తనను కట్టిపడేస్తోందని కొన్నాళ్లకు గాని తెలియలేదు. పక్క ఊళ్ల నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. వంటమనిషి మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

వంట చెడితే తప్ప తనను వదలరనిపించింది. కొత్తవాటిలో ఒకటి బాగా చేదు బీరు. ఆ చేదు కారాన్ని ఇంకా మండిస్తుందని ఆమె అప్పటికే పసిగట్టింది. ఒక సాయంత్రం వంజరం చేప ముక్కలకు గుప్పెళ్లతో కారం పట్టించి, వేయించి, ఆ బీరుతో పంపమని వినోద్‌కు చెప్పింది. అవతల దగ్గులు వినిపించాయి. ఎవరో మంచినీళ్లన్నారు, ఇంకెవరో ఇంకో బీరన్నారు. తినగలవా లేవా అని పందేలు మొదలయ్యాయి. మర్నాడు వాళ్లే స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చారు.

“ఏటి కలిపినావమ్మా అందల? మళ్లీ అదే గావాలంటన్నారు,” అన్నాడు ధనరాజు.

అరుణశ్రీ మళ్లీ కారం నూరింది.

నెలాఖరు దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం కంత దగ్గర పళ్లెం పెడుతుంటే కొత్త గొంతు వినబడింది.

“నా పేరు ఎర్రన్న. సీపురుపల్లిలో హోటల్లో వండీవోడిని. మీకు వంటోడు గావాలని ఇన్నాను.”

“మాకు మనిషి ఉన్నాది,” అన్నాడు ధనరాజు. “ఇంక అక్కర్లేదు.”

ఆమె చేతులైనా కడుక్కోకుండా తలుపు తోసుకుని ముందు గదిలోకి వచ్చింది. అప్పటికే ఎర్రన్న వెళ్లిపోయాడు. తాగుతున్నవాళ్లు తలలెత్తి చూశారు.

“మావా, ఆ మనిషిని ఎందుకు పంపేసినావు?”

ధనరాజు జవాబు చెప్పేలోపే ఒక పెద్దాయన నవ్వాడు. “ఆ రొయ్యలు సేసీది నువ్వేనామ్మా? మా ఇంట్లో ఎవలికీ ఆ సెయ్యి లేదు.” మిగతావాళ్లూ వంత పాడారు.

“సూసినావా?” అన్నాడు ధనరాజు మెత్తగా. “ఈలందర్నీ ఒగ్గేసి ఎలాగెల్తావు?”

అంతమంది మెచ్చుకుంటుంటే ఆమె వెనక్కి వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా శ్రీకాకుళం బస్సెక్కింది. ఆసుపత్రిలో ఆఫీసావిడ ఆశ్చర్యపోయింది.

“మీ ఆయన ఫోన్ చేశారు కదమ్మా, మీరు చేరరని. ఆ పోస్టులో వేరే అమ్మాయిని తీసేసుకున్నాం.”

బస్‌స్టాండులో కూర్చుని అరుణశ్రీ వినోద్‌కు ఫోన్ చేసింది.

“ఆసుపత్రికి నువ్వే సెప్పినావా బావా?”

“నాన్న సెప్పమన్నాడు. నానేటి సెయ్యను? నువ్వు ఏగిరం వచ్చీ. జనం అడుగుతన్నారు.”

కళింగపట్నం బస్సు ఎదురుగా ఆగి ఉంది. అక్కడికి వెళితే నాన్న ఏమంటాడో ఆమెకు తెలుసు. అక్క ఇల్లే కదా, పరాయోలా అంటాడు. సాయంత్రానికి తనే తీసుకొచ్చి రాజాంలో దింపుతాడు. ఆ బస్సు వెళ్లిపోయేదాకా చూసి, విజయనగరంలో ఉంటున్న గున్నమ్మకు ఫోన్ చేసింది. ఇద్దరూ కలిసి నర్సింగ్ చదివారు.

“మీ ఆసుపత్రిలో కాళీ ఉందేటే?”

“ఇప్పుడైతే లేదు. వస్తే సెప్తాను. ఆసుపత్రోళ్లకి ఫోన్ నెంబరు మీ ఆయనదే ఇయ్యనా?”

“వద్దు. నా ఫోనూ ఇంట్లో ఎవలైనా ఎత్తుతారు. నీదే ఇయ్యి,” అంది అరుణశ్రీ. “ఆలు నీకే సెయ్యాల. నువ్వు నాకు సెప్పు.”

రాజాం బస్సు వచ్చింది. కళ్లు తుడుచుకుని ఎక్కింది.