చిగురేసే కొలకర్ర

పొద్దున్నే లేచి ఆస్తా చేసే మొదటి పని కొలకర్ర పెట్టిన కూజాలో నీళ్లు మార్చడం. కర్రకి వేర్లు లేవు. అయినా ఏటా వసంతంలో దాని కొసన చిగురు పడుతుంది. ఆ దీవిలో ఎవరికీ అది వింత కాదు. చిగురు కనబడగానే కత్తితో కోసేయడం ఆస్తా పని. అంతకుముందు వాళ్లమ్మ పని, ఇంకా ముందు వాళ్ల అమ్మమ్మ పని.

కొలత రోజున ఇంటికో రై పిండి రొట్టె, దాన్ని పులియబెట్టిన తోడు పిండి జాడీతో సహా, ఊరి హాలుకి తేవాలి. ఏ రొట్టె ఎత్తూ ఆ కర్రని మించకూడదు. మించిందా, ఆ ఇంటి తోడు పిండి జాడీని రేవులో ఒంపేస్తారు. ఇక ఆ ఇంట్లో రొట్టె పొంగదు, పక్కింటివాళ్లు ఇచ్చిన ముక్కలే గతి. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ కాకూడదు కదా అంటారు. ఎప్పుడు మొదలైందని అడిగితే, ఇంకాస్త కాఫీ పోస్తారు.

ఆ ఏడు రొట్టె కాల్చింది ఆస్తా మనవరాలు తోవె. చనిపోయిన తల్లి వదిలి వెళ్లిన తోడు పిండితో మొదటిసారి కాల్చింది. పొయ్యిలోంచి తీసి చూస్తే రొట్టె, పిండి పోసిన అచ్చు అంచుదాకా పొంగి ఉంది. కర్ర కంటే రెండు వేళ్లు ఎత్తు! కొలత మధ్యాహ్నమే. ఇంకో రొట్టె పులియడానికి వేళ లేదు.

"సగమే పొయ్యాలని తెలీదుటే, పిచ్చిమొద్దూ?"

"సగానికైతే ఇంత లోతు అచ్చు ఎవరు చేయించుకుంటారు అమ్మమ్మా?"

నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన ఆస్తా అచ్చు లోతుని కళ్లతో కొలిచింది. ఆ అచ్చు వాళ్ల ముత్తవ్వది. కర్ర కొసని వేలితో తడిమింది. చిగురుతోపాటు ప్రతిసారీ గోరు మందం కర్ర కూడా తెగుతోంది. అలా ఎన్ని తరాలు! ఈసారి చిగురు కొయ్యకుండానే కత్తిని జేబులో వేసుకుంది.

హాల్లో ఊరిపెద్ద థొర్కిల్ తోవె రొట్టె పక్కన కర్ర నిలబెట్టాడు. రొట్టె రెండు వేళ్లు పైకే ఉంది.

"టీచరమ్మా, ఏమనుకోకండి. ఆ జాడీ..."

తోవె జాడీని గుండెకి హత్తుకుంది.

"తొందరెందుకురా? ముందు కాఫీ తాగు," అంది ఆస్తా. "చిన్నప్పుడూ ఇంతే, లెక్క చెయ్యకుండానే జవాబు రాసేసేవాడివి."

అందరూ నవ్వారు. కాఫీలు పోశారు. కర్ర కొసన చిగురు విచ్చుకుంది. దాని కింద కర్ర మెల్లగా సాగింది. ఎవరో పంచదార ఇటివ్వమన్నారు. రెండో కప్పు అయ్యేసరికి కర్ర రొట్టె ఎత్తుకి వచ్చి ఆగింది.

థొర్కిల్ వంగి చూశాడు. "సరిగ్గా సమానం." తర్వాత తన రొట్టె వైపు చూసి గొణిగాడు, "మరి మావన్నీ పొట్టివే!"

"రెండు వేళ్లు," అంది తోవె.

వెనక బల్ల మీంచి సిగ్నె ముసలమ్మ అందుకుంది. "అందరం సమానం కావాల్సిందేగా! రేపట్నుంచి నేనూ అచ్చు నిండా పోస్తా. మా ఆయన ముప్పై ఏళ్లుగా ఆకలి ఆకలని నా ప్రాణం తోడేస్తున్నాడు."

ఆస్తా జేబులోంచి కత్తి తీసి నడుముకి కట్టిన గుడ్డకి తుడిచింది. దాంతోనే తోవె కాల్చిన రొట్టెని కోసి, మొదటి ముక్కకి వెన్న దట్టంగా పట్టించి థొర్కిల్ చేతిలో పెట్టింది.