చలిపెట్టెలో గొంతు

సైన్యానికి వెళ్లే ప్రతి రేడియోనూ ఫ్యాక్టరీలో ముందు చలిపెట్టెలో పెట్టి బాగా గడ్డకట్టిస్తారు. తర్వాత పక్కగదిలోంచి రికార్డు చేసిన గొంతును దానికి పంపుతారు. ఇవతల హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి విన్నది విన్నట్టు రాయాలి. మాటలు తప్పితే రేడియో మరమ్మతుకు పోతుంది.

వినే మనిషి అక్కయ్య. ఆ గొంతు ఆమె తమ్ముడిది. అదే గదిలో పనిచేసినవాడు. అతను అలా పిలిచినందుకే ఆమె అందరికీ అక్కయ్య అయింది. వాక్యాలు కూడా అతనే అల్లాడు. "గాడిద గుడ్డు గంపలో లేదు." "వంతెన కింద మేనత్త గొడుగు దొరికింది." ఒక మాటను బట్టి ఇంకో మాట ఊహించకూడదని అలా పొంతన లేకుండా కట్టాడు. కిందటి వానాకాలం కామెర్లతో పోయాడు. అప్పటినుంచి ఆమె ఒక్కపూట కూడా సెలవు పెట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ రోజు రేడియో బాగుందని ముద్ర వేయబోతుంటే ప్యాకింగ్ బాబాయ్ వచ్చాడు. ఈమధ్యే చేరినవాడు, తమ్ముడి సంగతి వినడమే తప్ప ఆ వాక్యాలు ఎరగడు.

"ఏమంటున్నాడమ్మా మీవాడు?" అంటూ హెడ్‌ఫోన్లు అందుకున్నాడు. కాసేపు విని, "ఏముందీ, కాగే నూనెలో నీళ్లు పడ్డట్టు చిటపటలేగా" అన్నాడు.

"మేనత్త గొడుగు, బాబాయ్. సరిగ్గా విను."

"మేనత్తా లేదు, మేనమామా లేదు. చెవుల్లో దూది పెట్టుకుని రాలేదే తల్లీ."

ఆమె మళ్లీ విన్నది. స్పష్టంగానే ఉంది. అయినా ఏదో అనుమానం పీకింది.

"పక్కగదికెళ్లి రికార్డు ఆపెయ్. ఎప్పుడు ఆపావో నాకు చెప్పకు."

అతను వెళ్లాడు. ఆమె వింటూ రాస్తూ ఉంది. తిరిగొచ్చి ఆమె భుజం మీదుగా కాగితం చూశాడు.

"ఇదంతా ఎక్కడిదమ్మా? నేను వెళ్లగానే ఆపేశాను."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

నేరుగా పెద్దాయన గదికి వెళ్లింది. ఆ విభాగానికి ఆయనే అధికారి. "నేను ముద్ర వేసినవన్నీ మళ్లీ పరీక్షించాలండీ."

ఆయన అంతా విన్నారు. "సరుకు ఇంకా గోడౌన్ దాటలేదులే. నువ్వు వేరే బల్లకు మారమ్మా. గొంతు ఉండనీ. వాడి గుర్తు."

"గదిలో అందరికీ ఆ వాక్యాలు నోటికొచ్చండీ. చలిలో కూర్చున్న సిపాయికి అవతలివాడు ఏమంటాడో ముందే తెలియదు కదా."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పాత రికార్డు ఇంటికి పట్టుకెళ్తావా?"

"వద్దండీ. అది లేకపోయినా వినిపిస్తోంది."

కొత్త వాక్యాలు పెద్దాయన తలుపు వేసుకుని రాశారు. బాబాయ్ తడుముకుంటూ చదివితే రికార్డు చేశారు.

అదే రేడియో, అదే చలి. అక్కయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మొదటి వాక్యం వచ్చింది. రెండోదానిలో నడిమి మాట చిటపటల్లో మునిగిపోయింది. తమ్ముడైతే అక్కడ ఏమనేవాడో ఆమెకు తోచింది, నవ్వు కూడా వచ్చింది. రాయలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి, రేడియోను మరమ్మతు బల్ల మీదికి చేర్చింది.